జింకలు మేసే పూలకొండ

మేక నోరు పెట్టిన మొక్క బాగుపడదని మన పల్లెల్లో అంటుంటారు. పశువులు మేసిన చోట పచ్చదనం తగ్గుతుందనే మనకు తెలుసు. అలాంటిది, మేసే జంతువులు ఉండబట్టే చిన్న చిన్న పూలమొక్కలు బతికే కొండ ఒకటుందంటే నమ్ముతారా? దాన్ని చూసే భాగ్యం నాకు కలిగింది.

ఆ కొండ పేరు సానా. ఫిన్లాండు దేశానికి వాయవ్యపు కొసన, నార్వే, స్వీడన్ దేశాల సరిహద్దులు కలిసే చోటికి దగ్గరలో, కిల్పిస్‌యార్వి అనే సరస్సు ఒడ్డున ఉంది. ఎత్తు 1,029 మీటర్లు. నేను వెళ్ళింది జులై నెలలో. ఆ రోజుల్లో అక్కడ అర్ధరాత్రి కూడా సూర్యుడు అస్తమించడు!

కొంతదూరం ఎక్కేసరికి భూర్జ చెట్లు ఆగిపోయాయి. ఆపైన పొట్టి పొదలు; వాటి నడుమ నేలను కరచుకొని పెరిగే మొక్కలు. ఒకదానికి ఎనిమిది రేకుల తెల్లపూలు. మరొకటి చిన్న దిండులా గుబురుగా పెరిగి, ఒళ్ళంతా గులాబి రంగు పూలు పూసింది. వాటిని సరిగా చూడాలంటే మోకాళ్ళ మీద వంగవలసిందే.

అంతలో ఎదుటి వాలు మీద రెయిన్‌డీర్ల మంద కనిపించింది. ఈ ధ్రువప్రాంతపు జింకల్లో ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి. వేసవిలో ఇవి గడ్డీ, విల్లో పొదల లేత ఆకులూ మేస్తాయి. ఏపుగా పెరిగేవాటిని ఇలా కొరికేస్తూంటే, కింద ఉన్న పొట్టి మొక్కలకు ఎండ తగులుతుందన్నమాట.

శాస్త్రజ్ఞులు దీన్ని ఈ ప్రాంతంలోనే పరీక్షించారు. కొన్ని చోట్ల నేలను కాస్త వెచ్చబరచారు. కొన్ని చోట్ల జంతువులు రాకుండా కంచె వేశారు. 2017లో ప్రచురించిన ఫలితం ఇది: వెచ్చదనం పెరిగి, మేసే జంతువులు లేనిచోట మొక్కల రకాలు తగ్గాయి. అదే వెచ్చదనంలో జంతువులు మేసిన చోట రకాలు పెరిగాయి. ఉత్తరధ్రువ ప్రాంతం త్వరత్వరగా వేడెక్కుతున్న ఈ కాలంలో ఇది చిన్న విషయమా?

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. చలికాలంలో ఈ జింకలు మంచును గిట్టలతో తవ్వి, మన మసాలాల్లో వేసే రాతిపువ్వు వంటి లైకెన్‌లను తింటాయి. అవి ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతాయి. వేసవిలో ఎండిన లైకెన్ మీద మంద నడిస్తే అది పొడి అయిపోతుంది. నార్వే సరిహద్దు కంచె వెంబడి, చలికాలంలోనే మేసే వైపు నేల తెల్లగానూ, వేసవిలో కూడా తిరిగే వైపు నల్లగానూ ఉపగ్రహ చిత్రాల్లో సైతం కనిపిస్తుంది.

అందుకే పూర్వం సామీ ప్రజలు వేసవికి సముద్రతీరానికీ, చలికాలానికి లోపలి అడవులకూ మందలను తోలుకుపోయేవారు. 1852లో ఫిన్లాండు, నార్వేల మధ్యా, 1889లో ఫిన్లాండు, స్వీడన్‌ల మధ్యా మందలు దాటకుండా సరిహద్దులు మూశారు. తరతరాల దారులు తెగిపోయాయి. ఎన్నో కుటుంబాలు ఊళ్ళు వదలి పోవలసివచ్చింది.

కొండకు మంద కావాలి; మందకు ఋతువును బట్టి కదిలే దారి కావాలి. మీరు ఎప్పుడైనా అటు వెళితే పూలను చూసి ఆనందించండి. దారిలో మంద ఎదురైతే మాత్రం పక్కకు తప్పుకొని, అది సాగిపోయేదాకా నిలబడండి.