సముద్రం లేని ఊళ్ళో బీచి సెలవులు

మా టీములో ఒకాయన ఉన్నాడు. శాన్ డియేగోలో ఉంటాడు, వయసు యాభై దాటింది. ఏటా డిసెంబరు మూడో వారం రాగానే ఆయన మెయిలుకు ఆటో రిప్లై పడిపోతుంది. పికప్ ట్రక్కులో టెంటు, రెండు కుర్చీలు, మంచినీళ్ళ డబ్బాలు వేసుకొని టిహువానా దగ్గర బోర్డరు దాటి దక్షిణానికి పోతాడు. దాదాపు వెయ్యి కిలోమీటర్లు వెళ్ళాక బహీయా కన్సెప్సియోన్ అని ఒక అఖాతం వస్తుందట. దాని ఒడ్డున ఇసకలో, తాటాకు పందిరి లాంటిదాని కింద (వాళ్ళు పలాపా అంటారు) రెండు వారాలు పడి ఉంటాడు. ఫోను లేదు, లాప్ టాప్ లేదు. 1973లో హైవే పూర్తి కాకముందు అక్కడికి చేరడమే పెద్ద సాహసమట. ఇప్పుడు చలికాలం వచ్చిందంటే అమెరికా, కెనడాల నుంచి రిటైరైన వాళ్ళంతా బళ్ళేసుకొని అక్కడే తేలతారట.

2025 డిసెంబరులో కోడ్ ఫ్రీజ్ మొదలయ్యే రోజు కాల్ లో ఆయన "నువ్వూ రారాదూ?" అన్నాడు. నాకు మెక్సికో వీసా లేదు, అమెరికా వీసా లేదు, అంత లీవు అసలే లేదు :) "మా ఊళ్ళో సముద్రం లేదు గానీ, ఈసారి నేనూ టెంటు వేస్తా చూడు" అని ఏదో మాటవరసకి అనేశాను. కాల్ అయిపోయింది గానీ ఆ మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది.

"మా ఊళ్ళో" అన్నానా.. దాని గురించి ఒక మాట చెప్పాలి. హైదరాబాదులో మా ఆఫీసులో పండగొస్తే అందరూ "ఊరికి పోతున్నా" అంటారు. నేను మాత్రం "ఇంటికి పోతున్నా" అంటాను. ఎందుకంటే మాది నిజామాబాదులో కంఠేశ్వర్. నీలకంఠేశ్వరుడి గుడి ఉంది, బైపాసు ఉంది, దుకాణాలున్నాయి, ట్రాఫిక్కుంది. ఊరు అనడానికి చేను లేదు, చెలక లేదు. మా బాపుది చిన్న కిరాణం దుకాణం. దానికి సెలవంటూ ఉండదు. నాకు తెలిసి అది మూతపడింది మా అవ్వ పోయినప్పుడొకసారి, కరోనా లాక్ డౌన్ మొదటి రోజుల్లో ఒకసారి.

మాకూ ఒక ఊరుండేది. 1970లలో, బాపుకి పది పన్నెండేళ్ళప్పుడు అది పోచంపాడు ప్రాజెక్టులో మునిగింది. అదేనండీ, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము. తర్వాత పేరు శ్రీరామ్ సాగర్ అయింది గానీ మా దిక్కు ఇప్పటికీ పోచంపాడే. గోదావరి మీద 42 గేట్లతో డ్యాము కడితే వెనకాల నీళ్ళు మైళ్ళకు మైళ్ళు నిలబడ్డాయి. ఇటు నిజామాబాదు, అటు అప్పటి ఆదిలాబాదు జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయాయి. కొన్ని ఊళ్ళు పాత పేర్లతోనే గట్టు మీద మళ్ళీ లేచాయి. మా తాత మాత్రం అక్కడ ఉండలేక నిజామాబాదొచ్చేశాడు. ఇంట్లో ఆ మాట పెద్దగా వచ్చేది కాదు. చిన్నప్పుడు ఒకసారి అడిగితే అమ్మ మెల్లిగా "మీ బాపుకు ఆ నీళ్ళంటే గిట్టదు, అడగకు" అంది. నేను అడగలేదు. ఏడో తరగతిలో బడి పిల్లలందరితో డ్యాము చూసొచ్చి కూడా, ఎక్కడికి పోయానో ఇంట్లో సరిగా చెప్పలేదు.

అందుకే డెకత్లాన్ లో టెంటు కొనుక్కొని ఇంటికెళ్ళి, బాపుని రమ్మనడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"టెంటు దేనికిరా, మనకు ఇల్లు లేదా?" అన్నాడు కందిపప్పు తూకం వేస్తూ.

"ఊకెనే బాపు. ఒక్క రాత్రి పండుకొని వద్దం."

"ఏడికి?"

"నందిపేట దిక్కు. బ్యాక్ వాటర్ కాడికి."

తక్కెడ ఆగింది. పప్పు పొట్లం కట్టి, దారం తెంపి, గిరాకీకి చిల్లర ఇచ్చి పంపించేశాడు. తర్వాత అన్నాడు: "దుకాణం ఎవరు సూస్తరు?"

లోపలి నుంచి అమ్మ "నేను సూస్త గని పోయి రాండ్రి" అంది. అయిపోయింది! రెండు రోజులుగా నేను రాసుకున్న డైలాగులన్నీ వేస్టు.

మాక్లూర్ మీదుగా నందిపేట ముప్ఫై కిలోమీటర్లు అటూ ఇటూ. దారంతా పసుపు చేన్లు, ఎర్రజొన్న. బండి నేను నడుపుతున్నా, బాపు వెనక కూర్చున్నాడు. నందిపేట దాటాక నేను ఫోనులో మ్యాపు చూద్దామని ఆపాను. "మ్యాపెందుకు, ఎడమకు తిప్పు" అన్నాడు. ఇంకో చోట "మట్టి రోడ్డు పట్టు". నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. డీబగ్గింగ్ లో పదేళ్ళ ఎక్స్ పీరియన్స్ ఉన్నవాళ్ళకి కూడా సొంతింట్లో బగ్గు కనబడదు, నేనెంత.

ఒడ్డున మా బాపు మేనత్త కొడుకు చేను ఉంది. నాకు మామ వరస. ఆయన టెంటు చూసి పడీపడీ నవ్వాడు. "ఇల్లుండంగ బయట పంటరా అల్లుడా! చేనుకాడ కావలి పండుకున్నందుకే మా నడుములు పోయినయి, నువ్వు పైసలు పెట్టి పండుకుంటవా?" దానికి నా దగ్గర జవాబు లేదు. మెక్సికోలో మా సీనియరు రెండు వారాల కోసం ఏడాదంతా దాచుకునే సుఖం మా మామకు డ్యూటీ.

ఇక చోటు సంగతి. సముద్రం లాగే ఉంది, ఒట్టు. ఆ సారి వానలు బాగా పడి డ్యాము నిండింది కాబట్టి, డిసెంబరు చివర్లో కూడా నీళ్ళు చేను అంచు దాకా ఉన్నాయి. అవతలి ఒడ్డు సన్నటి గీత. నీళ్ళ మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బాతులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వేసవిలో నీళ్ళు దిగాక అక్కడ గడ్డి మొలుస్తుంది, కృష్ణజింకలు మేయడానికి వస్తాయి అని మామ చెప్పాడు. అలలు చిన్నవే గానీ చప్పుడు ఉంది. ఉప్పు వాసన ఒక్కటే తక్కువ.

చీకటి పడ్డాక కంది కట్టెతో మంట వేశాం. మామ ఇంటి నుంచి జొన్నరొట్టెలు, చేపల కూర వచ్చాయి. తిన్నాక బాపు నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ లైటు కనబడుతుందా? అది అవుతలి ఒడ్డు, నిర్మల్ దిక్కు. దానికి సూటిగ, ఇటు రెండు ఫర్లాంగులు."

"ఏముంది అక్కడ?"

"మనిల్లు."

నేనేం మాట్లాడలేదు. ఆయనే చెప్పాడు. "లెవెలు 1065కు దిగితే హనుమాండ్ల గుడి అరుగు తేల్తది. ఇంకొంచెం దిగితే మన బాయి. ఇంటి పునాది రాళ్ళు దాని పక్కనే."

నిండితే 1091 అడుగులని నాకూ తెలుసు, మా జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. కానీ 1065కి గుడి అరుగు తేలుతుందని ఎలా తెలుసు? అదే అడిగాను.

"సూసిన గద."

"ఎప్పుడు?"

బాపు కట్టె ముందుకు తోశాడు. మామే నవ్వుతూ చెప్పేశాడు: "నీకు తెల్వదా అల్లుడా? మీ బాపు ఏటా ఎండకాలం వస్తడు. మా ఇంట్లనే అన్నం తిని పోతడు."

ఆర్మూరుకు సరుకు కోసమని చెప్పి, ఏటా ఒకరోజు వచ్చేవాడట. నీళ్ళు దిగిన ఏడు లోపలికి నడిచి వెళ్ళి చూసుకుంటాడు. దిగని ఏడు ఒడ్డున కాసేపు కూర్చొని వెళ్ళిపోతాడు. అప్పుడు నాకు ఇంకొకటి వెలిగింది. మా ఇంట్లో పేపరు రాగానే బాపు మొదట చూసేది జిల్లా పేజీలో ప్రాజెక్టు నీటిమట్టం. వ్యవసాయం లేని మనిషికి ఇదేం పిచ్చి అనుకునేవాణ్ణి. మేము సర్వర్లకు డ్యాష్ బోర్డులు పెట్టి, ఫలానా గీత కిందికి దిగితే అలర్టు రావాలని రాసుకుంటాం కదా. ఈయన నలభై, యాభై ఏళ్ళుగా ఒక్క గీత కోసం చేత్తో మానిటరింగ్ చేస్తున్నాడు. నేను ఇరవై ఎనిమిదేళ్ళు అదే ఇంట్లో తిని, ఆ అలర్టు ఏమిటో కనుక్కోలేదు.

"మమ్మల్ని ఎప్పుడూ ఎందుకు తీస్కరాలేదు బాపు?"

చాలాసేపటికి చెప్పాడు. "ఏం సూస్తరు మీరు? రాళ్ళు. నాకు ఇండ్లు కనబడతయి, మీకు రాళ్ళు కనబడతయి. ఇది మనిల్లు అంటే నవ్వుతరేమోనని."

అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి, ఆ నీళ్ళంటే నీకు కోపం లేదా అనడిగాను. నా ప్రశ్నే వింతగా ఉన్నట్టు చూశాడు. "నీళ్ళేం జేసినయిరా! కాకతీయ కాలువల ఈ నీళ్ళు పోయే జగిత్యాల, కరీంనగర్ దిక్కు వరి పండింది. మనూరు పోయింది, ఆళ్ళ ఊర్లు పచ్చగైనయి. కోపం లేదు. యాదికొస్తది, అంతే."

హైదరాబాదులో నా రూమ్మేటు జగిత్యాలవాడు. "మా చేనుకు ఎస్సారెస్పీ నీళ్ళు" అని గొప్పలు పోతుంటాడు. వాళ్ళింటి నుంచి వచ్చిన బియ్యమే ఇద్దరం తింటాం. ఇది నేను వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు, ఎట్లా చెప్పాలో కూడా తెలియట్లేదు.

రాత్రి టెంటులో బాపు గుర్రు పెట్టి నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మంచుకి టెంటు లోపలి గుడ్డంతా చెమ్మపట్టి మొహం మీద చుక్కలు పడ్డాయి (కిటికీ గుడ్డ కొంచెం తెరిచి పెట్టాలట, ఆ సంగతి తర్వాత తెలిసింది). లేచి చూస్తే పక్కన బాపు లేడు. ఒక్క క్షణం గుండె ఆగింది. బయట మంట దగ్గర దుప్పటి కప్పుకొని, నీళ్ళకెదురుగా కూర్చొని ఉన్నాడు. పక్కన కూర్చున్నా. వెలుతురు వచ్చేదాకా ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే కొన్ని మాటలు. ఒడ్డున చేను ఎవరిదో కనుక్కొని, అడిగి టెంటు వేయండి. ఈత జోలికి పోకండి. అడుగున బురద, పైన చేపల వలలు, కాపాడేవాళ్ళెవరూ ఉండరు. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకుపొండి. ఇంకో ముఖ్యమైన సంగతి, అది ఒట్టి వ్యూ పాయింటు కాదు. మీరు ఫొటో తీసే నీళ్ళ కింద ఎవరిదో ఇల్లుంటుంది. ఒడ్డున కనబడ్డ పెద్దమనిషిని "మీ పాత ఊరు ఎక్కడుండె?" అనడిగి చూడండి. చెయ్యి ఎటు చూపిస్తాడో తెలుస్తుంది.

జనవరిలో మా సీనియరు కాల్ లోకొచ్చి "ఎలా ఉంది నీ బీచి?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. కొంచెంసేపు లైను నిశ్శబ్దంగా ఉంది. "నేను ఎవరికీ దొరక్కుండా ఉండటానికి వెయ్యి కిలోమీటర్లు పోతాను" అన్నాడు. ఆ తర్వాత ఏమనాలో ఇద్దరికీ తోచక జిరా టికెట్లలో పడ్డాం. ఆయన సెలవు తప్పని నేననను. తప్పించుకోవడానికి ఒక చోటుండటం కూడా అదృష్టమే. కాకపోతే నాకు ఇన్నాళ్ళూ సెలవంటే అదొక్కటే తెలుసు. గోవాకి మూడుసార్లు వెళ్ళాను, ఇంటికి ముప్ఫై కిలోమీటర్ల దూరానికి ఒక్కసారీ వెళ్ళలేదు.

లెవెలు ఇప్పుడు ఫోన్లోనే చూసుకోవచ్చు బాపు, నేను పెట్టిస్తా అన్నాను. పేపరు చాలన్నాడు. అయితే పేపర్లో చూసి నాకూ పంపు అన్నాను. అప్పట్నుంచి రోజూ పొద్దున ఏడింటికి వాట్సాప్ లో ఒక నంబరు వస్తుంది. బాగున్నావా లేదు, తిన్నావా లేదు, ఒట్టి నంబరు. యాసంగికి నీళ్ళు వదులుతున్నారు కాబట్టి రోజుకింత తగ్గుతోంది.

మే నెలకి లీవు అప్లై చేశాను. ఆ ఎండల్లో ఎక్కడికయ్యా అని మేనేజరు అడిగాడు.

ఊరికి అన్నాను.