చెలియలికట్ట ఎక్కడ?

సముద్రపు ఒడ్డుకు తెలుగులో చెలియలికట్ట అని ఒక చక్కని పేరుంది. విశ్వనాథ సత్యనారాయణగారు తమ నవలకు ఆ పేరు పెట్టడంతో చదువరులకు గుర్తుండిపోయింది గాని, వాడుకలో దాదాపు మాసిపోయిన మాట. ముప్ఫై యేళ్లకు పైగా తరగతి గదిలో దానికి అర్థం చెబుతూ వచ్చాను: సముద్రం తన మేర దాటకుండా నిలిపే కట్ట అని. 'మర్యాద' అన్న మాటకూ హద్దు అనే అర్థముంది. అందుకే కవులు ఉత్తముని సముద్రంతో పోల్చారు. ఎంత పొంగినా మేర మీరడని భావం. ఆ మాట మీద మిగిలిన పాఠం 2025 సంక్రాంతి సెలవులలో, ఇసుకలో కూర్చుని విన్నాను.

హైదరాబాదు నుండి వచ్చిన మా అబ్బాయి, కోడలు కనుమ మరునాడు రెండు గుడారాలు కారులో వేసుకుని అందరినీ బయలుదేరదీశారు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరాన సూర్యలంక. అక్కడి సందడికి ఎడంగా, తెలిసినవారి సరుగుడు తోటలో వారి అనుమతితో రెండు రాత్రుల మకాం. మనుమడికి ఏడేళ్లు, మనుమరాలికి నాలుగు. మా ఆవిడ మొదట రానని భీష్మించింది. చివరకు "పిల్లల్ని మీరెవరూ సరిగా కనిపెట్టుకోలేరు" అనే మిషతో అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. సముద్రం ముఖం చూసి నలభై ఏడేళ్లు దాటింది.

దారిలో మనుమడికి చెలియలికట్ట సంగతి చెప్పాను. దిగీ దిగగానే వాడు అటూ ఇటూ చూసి, "ఏదీ తాతయ్యా, కట్ట లేదే?" అన్నాడు. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఆ మాట విని, "ఉంది బాబూ, రా చూపిస్తా" అని వాణ్ణి వెంట తీసుకెళ్లాడు. గవ్వ పెంకులు, సరుగుడు ఆకులు, ఎండిన నురుగు ఒక వరుసగా పడి ఉన్నాయి. అది పొద్దుటి పోటు వచ్చిన గీత. మరి పది అడుగుల పైన ఇంకొక పాత గీత. అది మొన్నటి పున్నమి పోటుది. ఆ పైన ఊదారంగు పూలతో ఇసుక మీద పాకే తీగ, రావణుడి మీసాలనే ముళ్ల గడ్డి. "కెరటం రోజూ కొట్టే చోట ఇవి నిలవవు. వీటి వెనక దిగండి" అన్నాడాయన. నిఘంటువులో లేని వివరణ!

గుడారం మేకులు ఇసుకలో కొట్టినవి కొట్టినట్లే ఊడివచ్చాయి. దానికీ ఆయనే ఉపాయం చెప్పాడు. సరుగుడు కర్రను మూరెడు ముక్కలు చేసి, నడుమ తాడు కట్టి, అడ్డంగా లోతున పాతి, పైన ఇసుక తొక్కాలి. నిలువు మేకును ఇసుక వదిలేస్తుంది. అడ్డంగా పాతిన కర్రను ఇసుక బరువే పట్టి ఉంచుతుంది. పిల్లలిద్దరూ తొక్కే పనికి పోటీపడ్డారు.

సాయంకాలం మనుమడూ నేనూ నీటి అంచు నుండి పైకి, నాలుగేసి అడుగులకొకటి చొప్పున ఆరు పుల్లలు గుచ్చాము. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటువేళ రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు వెనకబడుతుంది. మన తీరాన నీరు లేచేది మీటరు ఎత్తుకు అటూ ఇటూ. గుజరాతులోని ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్ల దాకా లేస్తుంది. ఇవన్నీ చెబుతుంటే వాడు అడిగాడు: "మరి సముద్రం కట్ట ఎప్పుడూ దాటదా?"

నేను కవుల ఉపమానం అందుకోబోయాను. మా ఆవిడ అడ్డుపడింది. "దాటుతుంది. నేను చూశాను."

1977 నవంబరు 19. అప్పటికి ఆవిడకు పన్నెండేళ్లు. పిల్లలకు చెప్పింది ఇంతే: "గాలి పెరిగిందని మా నాన్నగారు మమ్మల్ని గుడి మిద్దె మీదికి ఎక్కించారు. సముద్రం ఊళ్లోకి వచ్చింది. నీళ్లు మెట్లెక్కాయి. తెల్లారి దిగేసరికి మా మేనత్త వాళ్ల ఇల్లు లేదు." ఆ ఉప్పెనకు సుమారు పదివేల మంది బలి అయ్యారు. మేనత్త ఇంట్లో ఐదుగురు పోయిన సంగతి ఆవిడ ఇన్నేళ్లలో నాకు ఒక్కసారే చెప్పింది. పిల్లలకు అంతా చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు.

"ఇప్పుడు వస్తే నాయనమ్మా?" అన్నాడు వాడు. 2004 సునామీ తరువాత, 2007లో హైదరాబాదులో హెచ్చరికల కేంద్రం ఏర్పడిందని, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు పల్లపు ఊళ్లవారిని ముందే తరలించారని మా అబ్బాయి చెప్పాడు. బయలుదేరే ముందు తానూ సముద్రపు సూచనలు చూశాడట. ఆవిడ అంతా విని, "అప్పుడు చెప్పేవాళ్లుంటే చాలు, నడిచైనా వెళ్లిపోయేవాళ్లు" అంది.

ఎనిమిది దాటాక తదియ చంద్రుడు వచ్చాడు. మూడో పుల్ల తడిసేసరికి మనుమడు నిద్రపోయాడు. పదిన్నర ప్రాంతాన నీరు నాలుగో పుల్లను తాకి, ఐదోదాన్ని ముట్టకుండా వెనుదిరిగింది. అది కళ్లారా చూశాక గాని ఆవిడ గుడారంలోకి రాలేదు.

మరునాడు పిల్లల స్నానానికి ఆవిడే కట్టడి చేసింది: మోకాలు దాటకూడదు, పెద్దలు సముద్రం వైపు నిలబడాలి. పెద్దాయన మరొక మాట చేర్చాడు. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ నడుమ నున్నగా కనిపించే చోటుకు పోవద్దన్నాడు. వచ్చిన నీరు లోపలికి మళ్లేది అక్కడే. చిక్కితే ఒడ్డుకు ఎదురీదక, పక్కకు ఈది తప్పుకోవాలి. కార్తిక స్నానాలకు వచ్చేవారికి ఈ ఒక్క మాట తెలిస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో!

మా అబ్బాయిని చిన్నప్పుడు ఊరి చెరువు గట్టెక్కనివ్వని మనిషి, ఇంటికి చేరిన రాత్రి వాడితో, "హైదరాబాదు వెళ్లగానే పిల్లలకు ఈత నేర్పించు" అంది.

"నాకు?" అన్నాడు వాడు.

"నువ్వూ నేర్చుకో. వాళ్లకు సముద్రం వైపు నిలబడాల్సింది నువ్వేగా!"