అనంతం కాని ఇన్ఫినిట్ కారిడార్

బోస్టన్ చూడ్డానికి వచ్చే మనవాళ్ళు హార్వర్డ్ విగ్రహం బూటు ముట్టుకుని, ఫొటో దిగి, క్విన్సీ మార్కెట్‌కి బయల్దేరిపోతారు. హార్వర్డ్ నుంచి రెడ్‌లైన్ రైల్లో రెండో స్టేషన్ కెండాల్. అక్కడ దిగితే ఎం.ఐ.టి. మా స్నేహితురాలి కూతురు అక్కడ రెండో సంవత్సరం చదువుతోంది. ఈసారి తనే దగ్గరుండి చూపించింది.

ఇక్కడ భవనాలని ఎక్కువగా నంబర్లతోనే పిలుస్తారు. మసాచుసెట్స్ ఎవెన్యూ మీద పెద్ద స్తంభాలున్నది ఏడో నంబరు. లోపలికి అడుగుపెడితే మొదలవుతుంది ‘ఇన్ఫినిట్ కారిడార్’. పేరుకి అనంతం, పొడవు మాత్రం 251 మీటర్లు. ఏటా నవంబరు మధ్యలో, జనవరి చివర్లో కొద్ది రోజులు సాయంత్రపు ఎండ ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా పడుతుందట. మేం వెళ్ళినప్పుడు ఆ ఎండ లేదు. పుస్తకాల సంచులతో పరుగులు తీసే పిల్లలూ, నోటీసు బోర్డులూ ఉన్నాయి.

“ఆంటీ, నేను ఫస్ట్ ఇయర్ నుంచే ల్యాబ్‌లో పని చేస్తున్నాను,” అంది. మన కాలేజీ రోజుల్లో రికార్డు మీద సంతకం కోసం తప్ప సార్ గది గుమ్మం తొక్కిందెప్పుడు? ఎలా దొరికిందని అడిగాను. “ముందు అడిగిన ప్రొఫెసర్ దగ్గర ఖాళీ లేదు. కానీ ఆయనే ఇంకో మేడమ్‌కి నా గురించి మెయిల్ రాశారు.”

దీని వెనక ఒక ఆవిడ ఉంది. పోలరాయిడ్ కంపెనీ పెట్టిన ఎడ్విన్ లాండ్ 1957లో ఇక్కడ ప్రసంగిస్తూ, మొదటి సంవత్సరం నుంచే ప్రతి విద్యార్థికీ సొంత పరిశోధన ఉండాలన్నాడు. 1969లో ఆ మాటని ఆచరణలో పెట్టింది మార్గరెట్ మెక్‌వికార్. ఇక్కడే చదువుకున్న భౌతికశాస్త్రవేత్త, అప్పటికి పాతికేళ్ళ వయసు. ఆవిడ మొదలుపెట్టిన ‘అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఆపర్చునిటీస్ ప్రోగ్రామ్’నే పిల్లలు ‘యూరాప్’ అంటారు. క్రెడిట్ కోసం చేయొచ్చు, జీతానికి చేయొచ్చు. ఆవిడ 1991లో, నలభై ఏడేళ్ళకే పోయింది. ఇప్పుడు చాలా అమెరికన్ కాలేజీల్లో ఇలాంటి పథకాలున్నాయి.

చార్లెస్ నది దాటి లాంగ్‌వుడ్ వైపు వెళితే హార్వర్డ్ మెడికల్ స్కూలు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ వచ్చి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పని చేసుకుంటూ చదివాడు. సైరస్ ఫిస్క్ అనే అధ్యాపకుడి ల్యాబ్‌లో చోటు దొరికింది. 1925లో ఫాస్పరస్‌ని కొలిచే పద్ధతి ఇద్దరి పేరునా వెలువడింది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని నేటికీ అంటారు. మనవాడి ప్రతిభకి కూడా ముందు ఒక ల్యాబ్ తలుపు తెరుచుకోవాల్సి వచ్చింది.

అడ్మిషన్ వచ్చేదాకా ప్రాణం పెడతాం. వచ్చాక “మార్కులు జాగ్రత్త” అని ఫోన్ పెట్టేస్తాం. పేరున్న కాలేజీలో సీటు రాకపోతే అంతా అయిపోయిందనుకుంటాం. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాళ్ళ ‘ఆర్.ఇ.యు.’ పథకం అచ్చం అలాంటి పిల్లలకి పనికొస్తుంది. చిన్న కాలేజీ, కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులు కూడా వేసవిలో వేరే యూనివర్సిటీకి వెళ్ళి పరిశోధన చేయొచ్చు. స్టైపెండ్ ఇస్తారు, చాలాచోట్ల వసతి కూడా. చాలా దరఖాస్తుల గడువు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే ముగుస్తుంది. అధ్యాపకుల సిఫారసు ఉత్తరాలు కావాలి కాబట్టి పరిచయం ఆ ముందు సెమిస్టర్లోనే మొదలవ్వాలి.

ఒక మెలిక ఉంది. ఆ డబ్బు సిటిజన్లకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. చిన్నప్పుడే వచ్చి, హెచ్-4 మీదే కాలేజీకి చేరిన మన పిల్లలకి అది అందదు. వాళ్ళకి సొంత కాలేజీ ప్రొఫెసరే దారి. క్రెడిట్ కోసం చేసే పరిశోధన గురించి ముందు ఆయన్నీ, తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసునీ అడగాలి.

అడగడమెలా? ఆ ప్రొఫెసర్ పని గురించి చదివి, అందులో ఏది నచ్చిందో నాలుగు వాక్యాల్లో రాయాలి. ఆఫీస్ అవర్స్‌లో వెళ్ళి కలవాలి. ఖాళీ లేదంటే, “ఇంకెవరినైనా అడగమంటారా?” అనాలి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళని విసిగించకూడదని నేర్పిస్తాం. ఈ ప్రశ్న విసిగించడం కాదని కూడా మనమే చెప్పాలి. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ కమ్యూనిటీ కాలేజీలో చేరిన అక్కచెల్లెళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఈ మాట వాళ్ళకీ వర్తిస్తుంది.