మేకు దొరకని పంక్చర్లు

అమీర్‌పేట చౌరస్తా దాటి పంజాగుట్ట వైపు నడిస్తే బోర్డు లేకపోయినా పంక్చర్ షాపును గుర్తుపట్టొచ్చు. ఫుట్‌పాత్ అంచున నిలబెట్టిన పాత టైరు, పక్కన నీళ్ల టబ్బు, కంప్రెసర్. నేను వెళ్లింది కోచింగ్ క్లాసులు వదిలే వేళకు. గిరాకీ అప్పుడే.

ఒక కుర్రాడు చెమటలు కక్కుతూ బండి తోసుకొచ్చాడు. "వెనక పంక్చరన్నా. పొద్దున్నే గాలి కొట్టించిన, మళ్లీ దిగింది." షాపాయన మేకు కోసం వెతకలేదు. గాలి నింపి, వేలితో ఉమ్మి తడి నాజిల్ మూతికి రాశాడు. బుడగ లేచింది. "పంక్చర్ గాదు తమ్మీ, పిన్ను పోయింది." కీతో పాతది తిప్పి తీసి కొత్తది బిగించాడు. టైరు విప్పి, లేని బెజ్జానికి ప్యాచ్ వేసే చేతులూ ఈ ఊళ్లో ఉన్నాయి. అందుకే ఆయన మీద నాకు గురి కుదిరింది.

ఈ నాజిల్ అమెరికాలో ష్రేడర్ 1893లో పేటెంట్ తీసుకున్న వాల్వే. బైకుకైనా కారుకైనా లోపలి ఏర్పాటు అదే. స్ప్రింగు పిన్నును మూసి పట్టుకుంటుంది, లోపలి గాలి ఇంకా గట్టిగా అదుముతుంది. సీలు మీద ఇసుక రేణువు పడితే చాలు, తెల్లారేసరికి టైరు చదును. దుమ్మును ఆపేది పైనున్న క్యాప్. ఆ పూట వచ్చిన బండ్లలో చాలావాటికి అదే లేదు.

అసలు నష్టం ట్యూబు నాజిల్ మొదట్లో చిరిగినప్పుడు. అక్కడ ప్యాచ్ నిలవదు, ట్యూబే మార్చాలి. గాలి తక్కువైన టైరు బ్రేకు పడ్డప్పుడల్లా రిమ్ము మీద కొద్దికొద్దిగా జరుగుతుంది, ట్యూబునూ లాక్కుపోతుంది. నాజిల్ మాత్రం రిమ్ము బెజ్జంలో ఇరుక్కుని ఉంటుంది. ముందు వంగుతుంది, తర్వాత చిరుగుతుంది. నాలుగడుగులకో బ్రేకు పడే ఈ రోడ్డు మీద అదెంత పని! కొందరు నాజిల్ నట్టును రిమ్ముకు ఆనించి బిగిస్తారు. ఆయన దాన్ని పైకి తిప్పి క్యాప్‌కు ఆనించాడు. "వంగితే కనవడాలె గదా."

ట్యూబ్‌లెస్ వాళ్లకు ఈ బాధ లేదనుకున్నాను. అక్కడ ఎండకు, వయసుకు రబ్బరు నాజిల్ మొదలు పగులుతుంది. మామూలుగా చూస్తే కనపడదు, వేలితో పక్కకు వంచితే నోరు తెరుస్తుంది. స్ట్రిప్ పనికిరాదు, టైరును రిమ్ము అంచు నుంచి ఊడదీసి నాజిలే మార్చాలి. పంక్చర్ లిక్విడ్ పోయించినవాళ్ల సంగతి వేరు. అది పిన్నులో గడ్డకడితే మీటరు కూడా అబద్ధం చెబుతుంది.

ఈలోగా స్కూటరాయనొకరు బంకులో గాలి తీయించుకుని వచ్చాడు. మీటరు ఎక్కువ చూపించిందట. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు షాపాయన. కూకట్‌పల్లి నుంచి. అంతదూరం నడిచిన టైరు వేడెక్కి ఉంటుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. అప్పుడు తీయిస్తే చల్లారాక తక్కువ పడుతుంది.

"వెనక ఎవరన్న కూసుంటరా?"

"మా అమ్మ. నిమ్స్ ఆస్పత్రికి తీసుకుపోతుంటా."

వెనక టైరుకు ఒక్కరుంటే ఒక లెక్క, ఇద్దరుంటే ఇంకో లెక్క. బండి మీది స్టిక్కరు తుడిచి, ఇద్దరి అంకె చూసి, పైపు అందుకున్నాడు.