గండికోటకు రెండు దినములు

‘గండి’ అనే మాట రాయలసీమవారికి రెండు విధాల పరిచితము. చెరువుకట్ట తెగి నీరు పారిపోతే గండి పడినదంటాము. కొండను చీల్చుకొని ఏరు దారి చేసుకొన్న చోటును కూడా గండి అనే అంటాము. మొదటిది వింటే రైతు గుండె జారిపోతుంది. రెండవదానిని చూచుటకు దూరదేశాలవారు సైతము వస్తారు. మాలో ఉర్దూ చదివిన మిత్రులు దానిని ‘దర్రా’ అంటారు. పేరు ఏదైనను రెండు చోట్లా పనిచేసినది నీరే. కడప జిల్లాలో జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరాన ఎర్రమల కొండలను పెన్నానది కోసిన గండి, ఆ గండి అంచున వెలసిన కోట, ఈ రెండూ కలిసి గండికోట అయినవి.

ఈ ఏడాది మా చరిత్ర విద్యార్థుల విజ్ఞానయాత్రకు ఆ గండికోటనే ఎన్నుకొన్నాము. బస్సు మాట్లాడుట, భోజన వసతులు, పెద్దల అనుమతి పత్రాలు, జమాఖర్చులు, ఈ భారమంతయు నాతో కలిపి ముగ్గురు విద్యార్థుల భుజాలపై పడినది. ఇచ్చిన వ్యవధి రెండు దినములు, ఒక రాత్రి. శనివారము తెల్లవారుజామున బయలుదేరి ఆదివారము రాత్రికి కర్నూలు చేరవలెను. సోమవారము ఉదయము తరగతులున్నవి. ఈ వ్యాసము అచ్చయి మీ చేతికందే నాటికి మేము వెళ్ళి వచ్చియుంటాము. అయినను యాత్రకు ముందే దీనిని వ్రాయుటకు కారణమున్నది. ప్రయాణము చేసి తెలుసుకొనునది ఒకటి. ప్రయాణమునకు సిద్ధపడుటలో తెలుసుకొన్నది మరొకటి. ఆ రెండవదానిని గురించి సాధారణముగా ఎవరూ వ్రాయరు.

మొదటి సమావేశములో జాబితా బారెడు పొడుగు పెరిగినది. దారిలోనే కదా అని యాగంటి. బనగానపల్లె దాటితే బేలం గుహలు. ఆ పిమ్మట తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయము, చింతల వెంకటరమణాలయము. తిరుగు ప్రయాణములో అహోబిలము. “బస్సు బాడుగ ఎటూ ఇస్తున్నాము కదప్పా, నాలుగు ఊర్లు ఎక్కువ చూస్తే ఏమి పోయింది?” అని ఒక మిత్రుని వాదము. మా అధ్యాపకులు జాబితా చదివి, “బాబూ, ఇందులో మీరు బస్సు దిగేది ఎప్పుడు?” అని మాత్రము అడిగినారు. అప్పుడు కాగితముపై లెక్క వేసినాము. కర్నూలు నుండి బేలం సుమారు 105 కిలోమీటర్లు. అక్కడి నుండి గండికోట మరి 60. పోను రాను దారికే దాదాపు ఒక పగలు చెల్లిపోవును. మిగిలిన ఒక్క పగటిని ఐదారు చోట్లకు పంచితే ఒక్కొక్క చోట దక్కేది ఫోటో తీసుకొనే వ్యవధి మాత్రమే. కొద్దిపాటి పర్యటనకు ప్రణాళిక వేయువారు విడిచిపెట్టవలసిన వాటిని ముందుగా తేల్చుకోవలెనని ఆనాడు బోధపడినది. అహోబిలము, తాడిపత్రి, యాగంటి ఆ సమావేశములోనే కొట్టివేతకు గురియైనవి. బేలం మాత్రము మిగిలినది.

కాలనిర్ణయము తేలికగా జరిగినది. గండికోట చిత్రాలు చూచినవారు అది ఎడారియని భ్రమపడుతారు. ఎడారి కాదు. మన రెండు జిల్లాలలో ఏడాదికి కురిసే వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అయితే ఆ వాన ఏటేటా ఒక తీరుగా రాదు. వచ్చిన ఏడు కూడా నాలుగు నాళ్ళలో కురిసి వెళ్ళిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండకు కోటలోని బండ నిప్పుకణిక వలె కాలుతుంది. తలదాచుకొనుటకు చెట్టునీడ అరుదు. కనుక డిసెంబరు మాసమును నిర్ణయించినాము. అయినను తలకు మూడు లీటర్ల చొప్పున త్రాగునీరు బస్సులో ఉండవలెనని, తలగుడ్డగాని టోపీగాని లేనివారిని మధ్యాహ్నము అంచు వైపు పోనీయరాదని వ్రాసుకొన్నాము.

ఇక గండిని ఏ దృష్టితో చూడవలెననునది తరువాతి ప్రశ్న. పర్యాటక పత్రాలన్నీ దానిని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పొగడుచున్నవి. అమెరికాలో కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు ఒక మైలుకు పైన. మన గండి లోతు సుమారు 300 అడుగులు. ఆ కొలబద్దతో కొలుచుటకు పోతే మన విద్యార్థి నిరాశతో తిరిగివస్తాడు. పెన్నను పెన్నగానే చూడవలెను. కర్ణాటకములోని నందికొండల వద్ద పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు దాటి సముద్రములో కలిసే ఈ నది ఏడాదిలో పెక్కు దినములు ఇసుక తప్ప నీరు కానరానిది. అటువంటి బీదనది కొండకు అడ్డముపడి ఇంతటి పని చేసినదంటే, ఎన్ని యుగములు ఓపిక పట్టి చేసినదో ఆలోచింపదగును. దూరపు కొండలు నునుపంటారు. ఈ కొండ దగ్గరికి పోయి చేయిపెట్టి తాకితేనే దాని విలువ తెలుస్తుంది.

ఆ కొండ కూడా సామాన్యమైనది కాదు. మన ఇండ్లలో నేలపై పరచిన బేతంచెర్ల బండలు, వంటింటి గట్టుపై వేసిన కడప బండలు, గండికోట ఎర్రరాళ్ళు, ఇవన్నీ ఒకే పెద్ద శిలాద్రోణిలో దొంతరలు దొంతరలుగా పేరుకొన్నవే. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఈ కడప, కర్నూలు శిలాశ్రేణులపై 1872లో ప్రత్యేక గ్రంథమునే వెలువరించినాడు. ఈనాటికి కూడా భూగర్భశాస్త్రము చదివే దేశదేశాల విద్యార్థులకు మన రెండు ఊర్ల పేర్లు రాళ్ళ పేర్లుగా తెలుసును. ఇక్కడి శిలలో ఇసుకరేణువులు నీటి అడుగున పేరుకొన్ననాడు భూమిపై చెట్టు లేదు, చేప లేదు. ఆనాటి నీరు పేర్చిన దొంతరనే ఈనాటి పెన్న నీరు కోసినది. ఈ మాట బస్సు దిగకముందే విద్యార్థులకు చెప్పవలెనని మా ప్రణాళికలో చేర్చినాము.

కోటకు ఒక పూట కేటాయించినాము. స్థానిక చరిత్ర దీని ఆరంభమును 1123వ సంవత్సరమునకు తీసుకొనిపోతుంది. పిదప పెమ్మసాని నాయకులు దీనిని ఏలినారు. 1650 ప్రాంతమున గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సేనాని మీర్ జుమ్లా కోటను వశపరచుకొన్నాడు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే మీర్ జుమ్లాను కలుసుకొనుటకు ఈ కొండ ఎక్కి వచ్చినాడు. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఆంగ్లేయులకు దత్తము చేయగా ఇది దత్తమండలములలో చేరినది. నేడు అక్కడ మాధవరాయస్వామి ఆలయము, రంగనాథాలయము, జుమ్మా మసీదు, విశాలమైన ధాన్యాగారము, రాయల చెరువు, కత్తుల కోనేరు చూడవచ్చును. గోపురము వద్ద నిలిచి తల త్రిప్పితే మసీదు మీనార్లు కనపడుతవి. రెండు భాషలలో పత్రిక వెలువరించే మా కళాశాల విద్యార్థులకు ఆ చోట ఎక్కువ వ్యాఖ్యానము అవసరముండదు. ఈ నిర్మాణములపై పేర్లు చెక్కరాదనునది మాత్రము గట్టిగా చెప్పదలచినాము.

అన్నిటికన్న కష్టమైనది అనుమతుల సంగతి. గండి అంచున పెద్ద పెద్ద బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటవి; చాలా చోట్ల అడ్డుగోడ లేదు. ఒక విద్యార్థిని తండ్రిగారు నన్ను ఇంటికి పిలిపించి, “మీరు పిల్లవాండ్లు బాబూ. బండ మీద నిలబడి సెల్ఫీ తీసుకొనేటప్పుడు చెయ్యి పట్టుకొనేవారు ఎవరు?” అని అడిగినారు. న్యాయమైన ప్రశ్న. అందుకు సమాధానముగా ప్రణాళికలో నాలుగు నియమములు వచ్చినవి. అంచుకు పది అడుగుల దూరమున గీత. పదిమందికి ఒక పెద్ద. చీకటి పడిన పిమ్మట అంచు వద్దకు ఎవరూ పోరాదు. లోయలోని నీటిలోకి దిగుట పూర్తిగా నిషిద్ధము. ఒక అధ్యాపకురాలు మాతో వచ్చుటకు అంగీకరించినారు. ఆ కాగితము చదివి ఆయన సంతకము పెట్టినారు. ఆ ఒక్క సంతకముతో మరి ఆరుగురు విద్యార్థినుల ప్రయాణము ఖాయమైనది.

ఇంతవరకు ప్రణాళిక సక్రమముగానే సాగినది. కాని జాబితాలో ఒక మిత్రుని పేరు లేదు. అతడు గండికోట ప్రాంతమువాడే. దారి తెలిసినవాడు మాతో లేకపోతే ఎట్లని ఒకనాటి సాయంత్రము హాస్టలుకు పోయి అడిగినాను. చాలాసేపటికి బదులిచ్చినాడు. “గండికోట నాకు కొత్త కాదప్పా. మా జేజినాయన భుజాల మీద కూర్చొని చూసినా. మీరు కోట మీద నిలబడి నీళ్ళు చూసి బాగున్నాయంటారు. ఆ నీళ్ళకు పైతట్టున జలాశయంలో మా ఊరుంది. మీతో పాటు బాగున్నాయనడానికి నాకు నోరు రాదు.”

పెన్నపై గండికోట వద్ద నిర్మించిన జలాశయము సామర్థ్యము 26.85 టి.ఎం.సి.లు. 2020లో నీటిమట్టము పెంచినప్పుడు కొండాపురము మండలములోని తాళ్లప్రొద్దుటూరు మొదలైన ఊర్లు ఖాళీ అయినవి. మా మిత్రుని ఊరు అటువంటి ముంపు గ్రామాలలో ఒకటి. వారి కుటుంబము ఇప్పుడు పునరావాస కాలనీలో ఉన్నది. “ఇల్లు కట్టుకొన్నాము, లేదనను. కాని మా జేజికి ఇప్పటికీ పొద్దున్నే వాకిట్లో నిలబడి ఏ పక్క తిరిగి దండం పెట్టుకోవాలో తెలియదు” అన్నాడు.

ఆ మాట మరునాడు సమావేశములో చెప్పినాను. మాలో పులివెందుల పక్కవాడు ఒకడున్నాడు; వారిది చీనీ తోట. గండికోట నుండి ఎత్తిపోసిన నీరు చిత్రావతి జలాశయము ద్వారా ఆ ప్రాంతమునకు పోతుంది. అతడు లేచి హాస్టలు మిత్రునివద్దకు పోయినాడు. నేనును వెంట ఉన్నాను. “చెట్లు ఎండిపోతుంటే మా నాయన అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్ళు పోసినాడు రా. సగం చెట్లు కొట్టేసినాము. తక్కిన సగం బతికింది మీ ఊరి మీదికి వచ్చిన నీళ్ళతోనే. నీకు ఈ మాట ఎట్లా చెప్పాల్నో నాకు తెలియదు” అన్నాడు. ఇద్దరును కొంతసేపు మాటలేక కూర్చొన్నారు. ఎవరిది న్యాయమని తీర్పు చెప్పగల శక్తి మాకు లేదు. వీరిద్దరి మాటలను వినకుండ గండి అంచున నిలిచి ఆహా అనుట మాత్రము చదువుకొన్నవారికి తగదనిపించినది.

ఆ రాత్రి పటము ముందు పెట్టుకొని చూస్తే మరొక విశేషము కనపడినది. శ్రీశైలములోని కృష్ణానీరు పోతిరెడ్డిపాడు వద్ద కాలువకెక్కి, బానకచర్ల, గోరుకల్లు, అవుకు దాటి గాలేరు–నగరి కాలువగా గండికోట చేరుతుంది. మా బస్సు పోవలసినది కూడా బనగానపల్లె, అవుకు మీదుగానే. అనగా కర్నూలు జిల్లా వైపు నుండి కడపకు పోయే నీటి దారినే చాలా దూరము మేమును పోతున్నాము. ఆ నీరు ఎక్కడ బయలుదేరి, ఎవరి వాకిలి ముంచి, ఎవరి చెట్టు తడిపినదో తెలుసుకొనుటకు ఇంతకన్న మంచి దారి లేదు. దానికి సమయము కావలెను. సమయము బేలం గుహలవద్ద మాత్రమే మిగిలియున్నది.

3,229 మీటర్ల పొడవైన గుహలను దారిలో పెట్టుకొని దిగకుండ పోవుటకు కొందరు ఒప్పుకొనలేదు. వాదము చాలాసేపు జరిగినది. చివరకు ఒక విద్యార్థిని, “అన్నా, గుహలు ఎక్కడికీ పోవు. వచ్చే ఏడు మేము తీసుకుపోతాము. ఆ అన్న మాత్రం వచ్చే ఏటికి చదువు ముగించి వెళ్ళిపోతాడు” అన్నది. చేతులెత్తించగా బేలం ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయినది. హాస్టలు మిత్రుడు వస్తానన్నాడు, ఒక షరతుపై. జలాశయము వద్ద బస్సు ఆగినప్పుడు అందులో పాటలు పెట్టరాదు. అంతే.

కావున మా తుది ప్రణాళిక ఇది. శనివారము ఉదయము 5 గంటలకు కర్నూలులో బయలుదేరుట. అవుకు జలాశయము వద్ద అరగంట, ఉగ్గాని, టీ. మధ్యాహ్నము కోట, ఆలయములు, మసీదు, ధాన్యాగారము. సాయంత్రము ఎండ తగ్గిన పిమ్మట గండి. రాత్రి జమ్మలమడుగులో బస. ఆదివారము ఉదయము మరల గండి, తొలివెలుగులో ఒక గంట. ఎనిమిది గంటలకు గండికోట జలాశయపు గట్టు. ప్రతి చోటుకు ఎదురుగా ‘చూడవలసినవి’ అని ఒక గడి గీచి వివరములు నింపినాము. జలాశయమునకు ఎదురుగా ఉన్న గడిలో మాత్రము ఏమియు వ్రాయలేదు. అక్కడ చెప్పవలసినవాడు మాతోనే వస్తున్నాడు.