ఆరె

నిన్న ధారావి సంత్ రోహిదాస్ మార్గ్‌లో బ్యాగు పట్టీ తెగితే ఒక పెద్దాయన కుట్టిచ్చాడు. చేతిలోది ఏమిటని అడిగితే "ఆరీ" అన్నాడు. మా తాత 'ఆరె' అనేవాడు. పాలమూరు నుంచి ముంబై కామాఠిపురకు తాపీ పనికొచ్చినా, ఆరె, తోలు కోసే రంపె ఆయన సంచిలోనే ఉండేవి.

చెక్క పిడి, ఉక్కు మొన, మొన దగ్గర చిన్న కొక్కెం. తోలును పొడిచి, అడుగున మైనం పట్టించిన దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగుతారు. సూది దారాన్ని మోసుకుపోతుంది, ఆరె లాక్కొస్తుంది. ఎంత తెలివో! ఋగ్వేదం ఆరో మండలంలో పూషుడనే దేవుడి చేతిలో ఉన్నదీ 'ఆరా'యే.

కచ్ మోచీలు దీన్నే సన్నం చేసి పట్టు మీద పూలు కుట్టారు. మన మగ్గం వర్క్ జాకెట్ల మీద ఆడే ఆరి సూదిదీ ఈ వంశమే. ఆ జాకెట్టుకు వేలు పోస్తాం, చెప్పు కుట్టినాయన దగ్గర పది రూపాయలకు బేరమాడతాం. తోలు పని చేసిన చేతులకు మనం ఎప్పుడూ తక్కువే ఇచ్చాం.

ఈసారి బేరమాడకండి. ఆయన్ని 'మీరు' అని పిలవండి.