ఊరూర ఫలహారము

హోటలు తిండి ఇల్లాండ్రకు తగదని పెద్దలు చెప్పుదురు. ఆరోగ్యమునుగూర్చి వారు చెప్పునది చాలవరకు నిజమే. కాని పిల్లల చదువులకనియు, బంధువుల పెండ్లిండ్లకనియు మేము నాలుగైదు పట్టణములకు పోయి, అచ్చటి హోటలు బల్లలకడ కూర్చుండి తినియున్నాము. రుచినిగూర్చి మాకేర్పడిన యభిప్రాయములను సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

మా గుమ్మఘట్ట అనంతపురము జిల్లాలో, కన్నడసీమ సరిహద్దున నున్నది. భైరవానితిప్ప జలాశయము మా మండలమందే యున్నను, జిల్లాలో సాలునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదియు ఏటేట నమ్మదగినది కాదు. కావున నీటిని కొలిచి వండుట మా యిండ్ల యలవాటు. ఉగ్గాని యట్టి యిండ్లకు తగిన ఫలహారము. బొరుగులను నీట ముంచి, పిండి, ఉల్లి, పచ్చిమిరప, పసుపు వేసిన తాలింపులో కలిపి, పుట్నాలపొడి చల్లి దింపినచో సిద్ధము. దానికి జోడు మిరపకాయ బజ్జీ.

బళ్లారి వీధులలోను ఈ జోడే దొరకును. 1953 వరకు మా రాయదుర్గము తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. ఆ యేట జిల్లా మారినది గాని ఉగ్గాని మారలేదు. నిజము చెప్పవలెనన్న, ఉగ్గాని మా యింటిదే మేలు. నిమ్మరసము పిండుటలో హోటలువారు లోభులు. బజ్జీ మాత్రము వారిదే మేలు. ఏలయన, బజ్జీని నూనెనుండి దిగిన రెండు నిముషములలో తినవలెను. ఇంట బజ్జీలు వేయునామె ఆ రెండు నిముషములును తరువాతి వాయ చూచుకొనుచుండును.

మా వాదమంతయు ఇచ్చటనే యున్నది. భారతమున సూర్యుడు ధర్మరాజున కిచ్చిన యక్షయపాత్ర ద్రౌపది భుజించువరకే యన్నమిచ్చును. అందరును తినిన పిమ్మటనే యామె తినవలెను. పాకమునకు పేరు నలునకును భీమునకును వచ్చినది. చివర తినుట ద్రౌపది వంతైనది. ఆమె తినునప్పటికి ఆ యన్నము వేడిగా నుండెనో లేదో యెవరును విచారింపలేదు.

కావున హోటలునకు పోయిన యిల్లాలు, ఇంట తనకు సకాలమున దొరకని పదార్థమునే యడుగవలెను. అందు మొదటిది దోసె. దావణగెరె బెణ్ణెదోసెకు బియ్యము, మినుములతో బొరుగులనుకూడ కలిపి రుబ్బుదురు. పెనముపై వెన్న ధారాళముగా వేయుదురు. ఆలుగడ్డ పల్యమును, తెల్లని కొబ్బరి చట్నీయును తోడు వచ్చును. అంచు కరకరలాడును, నడుము మెత్తగా నుండును. కొంతసేపు ఉంచినచో తోలువలె సాగును. పదునైదేండ్లుగా దోసెలు పోయుచున్న మాకు, దోసె యంచు పంటికింద అంత చప్పుడు చేయునని ఆనాడే తెలిసినది.

బెంగుళూరిలో 1924లో నెలకొన్న మావళ్ళి టిఫిన్ రూమ్సు రవ్వ ఇడ్లీకి ప్రసిద్ధము. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము కొరవడగా వారే దానిని కల్పించిరని చెప్పుకొందురు. కరవునాటి తెలివి మాబోటివారికి గౌరవింపదగినదే. కాని ఇడ్లీ తాళిమి గలది. పాత్రలో మూతక్రింద మనకొరకు వేచియుండును. దానికై వరుసలో నిలువనక్కరలేదని మా తలంపు. మా వారు ఒప్పుకొనరు.

హైదరాబాదు ఇరానీ చాయ్ అట్లు కాదు. డికాక్షనును మూతవేసి చాలసేపు మరిగింతురు. పాలను వేరుగా చిక్కబడువరకు కాచి, గిన్నెలో రెంటిని కలుపుదురు. రెండు కప్పులకై ఇంట నంత యింధనము తగులబెట్టువారు లేరు. తీపిలో కొంచెము ఉప్పు తగులు ఉస్మానియా బిస్కత్తును అందులో ముంచి తినవలెను. ఇది హోటలునకే తగినది.

ఆ నగరముననే యొక పెద్ద హోటలులో రాగి సంగటి తెప్పించుకొంటిమి. ఐక్యరాజ్యసమితివారు 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిరి గదా, రాగికి పట్టణములలో గౌరవము హెచ్చినదని సంతోషించితిమి. సంగటి చేతికి కాలవలెను. తడిచేతితో త్రుంచి, ఊరుబిండిలో అద్ది మ్రింగవలెను. వారు తెచ్చిన ముద్ద చల్లబడి, పైన పొరకట్టియుండెను. చట్నీ తీయగా నుండెను. వెల చూడగా, మా యింటిల్లిపాదికి రెండుపూటల సంగటికి చాలును. ఇంట వెల లేకుండ తినుచున్న చల్లని సంగటినే యచ్చట వెలయిచ్చి తినినట్లయ్యెను.

ఈ మాటలన్నియు విని గత యాదివారము మా వారు తామే పెనముకడ నిలిచిరి. మొదటి దోసె చినిగినది. రెండవది జిల్లా పటమువలె వంకరటింకరగా వచ్చినది. అది మా పళ్లెములో పడునప్పటికి పిల్లలు తమ వంతుకై అరచుచుండిరి. మేము లేవలేదు.